పాత తూటా రీలోడింగ్ ప్రెస్: ముందు ఏ కంపెనీదో తేల్చండి, తుప్పు సంగతి తర్వాత

మీరు అడిగింది ఇదీ: ఒహాయోలో ఒక పెద్దాయన పోయాక ఆ ఇంటి సామాను అమ్మితే, ఒక చెక్కపెట్టెలో పాత రీలోడింగ్ ప్రెస్ దొరికింది. కాల్చేసిన తూటా ఖాళీ ఇత్తడి కేసును సరిచేసి మళ్లీ తూటాగా చేసుకోవడానికి వాడే చేతి యంత్రం అది. ఇంగ్లిషు ‘సి’ అక్షరం ఆకారంలో పోత ఇనుప చట్రం. మధ్యలో పైకీ కిందికీ నడవాల్సిన ఉక్కు కడ్డీ, అంటే రామ్, బిగుసుకుపోయింది. రంగు కింద ‘...సెకా, మిన్’ అని సగం అక్షరాలు కనిపిస్తున్నాయి. ఈ రోజుల్లో దొరికే షెల్ హోల్డర్ (కేసు అడుగును పట్టుకునే చిన్న ముక్క) రామ్ తలలో పట్టడం లేదు. ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి, పౌడర్ కోటింగ్ వేయించి, వీలైతే గుంటూరులో నాన్నగారి వర్క్‌షాపులో ఉంచాలని మీ ఆలోచన. హెచ్-1బి మీద ఉన్నానని కూడా రాశారు.

సూటిగా జవాబు. అది దాదాపు ఖాయంగా హెర్టర్స్ అనే పాత కంపెనీ ప్రెస్. మిన్నెసోటాలోని వసెకా ఊరి పేరు పోతలో ఉన్న రీలోడింగ్ ప్రెస్ ఇంకెవరిదీ నా చేతికి రాలేదు. బ్లాస్టింగ్ వద్దు, పౌడర్ కోటింగ్ వద్దు, రామ్‌ను లేత్ మీద పెట్టవద్దు, ఇండియాకు అసలే వద్దు. బాగుచేయడం మాత్రం ఇంట్లోనే సాధ్యం, ఖర్చు కూడా తక్కువ.

నేను బాలానగర్ టూల్ రూంలో పని నేర్చుకుని ఇక్కడికొచ్చిన మెషినిస్టును. పాత ప్రెస్‌లు సరిచేయడం ఏళ్లుగా నా సాయంత్రాల వ్యాపకం. చేతికి వచ్చిన వాటిలో నిజంగా పాడైనవి తక్కువ. బాగుచేస్తామని కూర్చుని పాడుచేసినవే ఎక్కువ.

చట్టం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీరు పెట్టె మూత తీయకముందే ఇది తెలియాలి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. కానీ హెచ్-1బిలాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీగానీ తూటాగానీ ఉండకూడదని సమాఖ్య చట్టం అంటుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటంలాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఇక్కడే మనవాళ్లు చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ చట్టం దృష్టిలో తూటా అంటే పూర్తిగా తయారైనదే కాదు. ఖాళీ ఇత్తడి కేసులు, ప్రైమర్లు (కేసు అడుగున కూర్చుని నిప్పు పుట్టించే చిన్న మూతలు), గుండ్లు, తుపాకీ మందు, వేటికవే తూటా కిందికి వస్తాయి. ప్రెస్ ఆ జాబితాలో లేదు. కానీ మీ చెక్కపెట్టె అడుగున నాలుగు ప్రైమర్లు, గుప్పెడు పాత కేసులు ఉంటే అవి ఉన్నాయి. మీకు వేట లైసెన్సు లేకపోతే ఆ పెట్టెను ముట్టుకోవడానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. ఈ ఒక్క విషయంలో నా మాట మీద కూడా ఆధారపడకండి.

ఇండియా విషయంలో సందేహానికి తావే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలోనే దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే తుప్పు పట్టిన ఈ ఇనుప ముక్క శంషాబాద్‌లో దిగగానే చట్టం ప్రకారం మందుగుండు అవుతుంది. దిగుమతికి లైసెన్సు కావాలి. ఇటు అమెరికా నుంచి పంపడానికి కూడా ఎగుమతి నియమాలున్నాయి. సామానులో విడిభాగాలుగా పెట్టి తీసుకెళ్లొచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇక గుర్తుపట్టడం. హెర్టర్స్ అంటే జార్జ్ లెనార్డ్ హెర్టర్ వసెకా నుంచి నడిపిన సంస్థ. పోస్టు ద్వారా వేట సామగ్రి, చేపల గాలాలు, పడవలు, రీలోడింగ్ పరికరాలు అన్నీ అమ్మేది. దాని కేటలాగులు లావుపాటి పుస్తకాల్లా ఉండేవి. తమ సరుకుకు సాటి లేదని ప్రతి పేజీలోనూ రాసుకునేవారు. ఆ రాతలు పక్కన పెట్టినా వాళ్ల ప్రెస్‌లు నిజంగానే దిట్టమైనవి, బరువైన పోతలు. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం పోస్టు ద్వారా తుపాకుల, తూటాల అమ్మకానికి అడ్డుకట్ట వేశాక ఆ వ్యాపారం నిలదొక్కుకోలేకపోయింది. 1980ల మొదటికల్లా మూతపడింది. తర్వాత ఆ పేరు ఇతరుల చేతికి వెళ్లింది. కాబట్టి ఇప్పుడు ఎక్కడైనా హెర్టర్స్ పేరు కనిపించినా మీ ప్రెస్‌కు అక్కడ విడిభాగాలు దొరకవు.

మిగతా అక్షరాలు చదవడానికి రంగు గీకకండి. పల్చటి తెల్ల కాగితం చట్రం మీద పరచి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి. కంటికి కనిపించని పోత అక్షరం కూడా కాగితం మీద లేస్తుంది. మోడల్ పేరు సాధారణంగా ఆ అక్షరాల్లోనే దొరుకుతుంది. చట్రం వెనక, అడుగు పాదం కింద, పిడి మొదలు దగ్గర కూడా రుద్ది చూడండి.

పెట్టెను, అందులోని కాగితాలను పారేయకండి. కాలం తేల్చడానికి ప్రెస్ కంటే కాగితమే నమ్మకమైన సాక్షి. అమెరికాలో అయిదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. చిరునామా కింద 56093 అని ఉంటే అది వసెకా జిప్ కోడ్, అంటే ఆ కాగితం 1963 తర్వాతిది. పెద్ద నగరాల్లోని కంపెనీలైతే ఇంకో మెట్టు కిందికి దిగవచ్చు. 1943 నుంచి 1963 దాకా నగరం పేరు పక్కన ఒకటి రెండంకెల పోస్టల్ జోన్ వేసేవారు. లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో చిరునామాల్లో ఆ అంకె కనిపిస్తే ఆ ఇరవై ఏళ్ల మధ్యదని చెప్పేయొచ్చు.

ఇలాంటి పెట్టెలు మళ్లీ మీకు ఎదురవుతాయి కాబట్టి తక్కిన ఊళ్లు కూడా చెబుతాను. పాత ప్రెస్‌ల మీద ఊరి పేరే సగం గుర్తింపు. ఓరోవిల్, కాలిఫోర్నియా అంటే ఆర్‌సీబీఎస్. ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టిన సంస్థ. వాడేసిన .22 కేసులతో గుండ్లకు తొడుగులు చేసే ‘రాక్ చక్ బుల్లెట్ స్వేజ్’ అనే డై (లోహాన్ని నొక్కి ఆకారం తెచ్చే అచ్చు) నుంచి ఆ పొడి అక్షరాలు వచ్చాయి. మిడిల్‌ఫీల్డ్, కనెటికట్ అంటే లైమన్. న్యూ హేవెన్‌లో జాన్ బార్లో పెట్టిన ఐడియల్ సంస్థను లైమన్ 1925లో కొన్నది. అందుకే పాత పరికరాల మీద రెండు పేర్లూ కలిసి కనిపిస్తాయి. పసిఫిక్ మొదట శాన్ ఫ్రాన్సిస్కోది, తర్వాత నెబ్రాస్కాలోని లింకన్‌కు మారింది, 1971లో హార్నడీ చేతికి వెళ్లింది. ఫిలిప్స్‌బర్గ్, పెన్సిల్వేనియా అంటే బెల్డింగ్ అండ్ మల్. ఫారిబో, మిన్నెసోటా అంటే బొనాంజా, కో-యాక్స్ ప్రెస్‌లు మొదట వాళ్లవే, ఇప్పుడు వాటిని ఫార్‌స్టర్ చేస్తోంది. శాన్ డియాగో, స్టార్ మెషిన్ వర్క్స్ అని రెండూ కలిసి కనిపిస్తే ఆ ప్రెస్‌ను నేల మీద కూడా పెట్టకండి, సేకరించేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. హాలీవుడ్ పేరున్న పెద్ద సీనియర్ ప్రెస్‌లకూ అంతే గిరాకీ.

రంగును నమ్మకండి. ఆకుపచ్చ అయితే ఆర్‌సీబీఎస్, నారింజ అయితే లైమన్, ఎరుపు అయితే హార్నడీ లేదా లీ అనే లెక్క ఇటీవలి వాటికి కొంతవరకు సరిపోతుంది. పాత ప్రెస్ చేతులు మారినప్పుడల్లా యజమాని గ్యారేజీలో ఏ డబ్బా ఉంటే ఆ రంగు పూసుకుంది.

ఆకారం కంటే ముఖ్యమైనవి రెండు కొలతలు. మొదటిది డై బిగించే రంధ్రం. ఇప్పటి ప్రమాణం 7/8-14, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 14 మరలు. మంచి డై ఒకటి చేత్తో తిప్పితే సాఫీగా దిగాలి. దిగకపోతే వెంటనే మరలు కోసే ట్యాప్ పట్టుకోకండి. ఒకసారి ఒకాయన లైమన్ ట్రూ-లైన్ జూనియర్ తెచ్చి, మరలు పాడయ్యాయి, 7/8కి పెంచమన్నాడు. పాడు కాలేదు. ఆ ప్రెస్ పుట్టిందే 310 పటకారు పరికరపు డైల కోసం, వాటి కొలత 5/8-30. పెంచి ఉంటే డైలు బిగించే ఆ చిన్న తిరిగే తల (టరెట్) బలమూ పోయేది, విలువా పోయేది. స్టార్ ప్రెస్‌లకూ వాటి సొంత కొలత డైలే. హాలీవుడ్ పెద్ద ప్రెస్‌లలో అంగుళంన్నర రంధ్రంలో బుషింగ్ (లోపల తొడిగే లోహపు గొట్టం) వేసి 7/8కి దించుతారు. బుషింగ్ పోయిందని ప్రెస్‌నే పక్కన పడేసినవాళ్లను చూశాను.

రెండో కొలత షెల్ హోల్డర్. మీ ఇబ్బంది ఇదే. హెర్టర్స్ తన షెల్ హోల్డర్లను తన కొలతలోనే చేసుకుంది, ఆర్‌సీబీఎస్ తరహావి అందులో కూర్చోవు. దారులు రెండే: పాత హెర్టర్స్ హోల్డర్లు వెతకడం, లేదా కింది భాగం హెర్టర్స్‌కు, పై భాగం నేటి ప్రమాణానికి సరిపోయే చిన్న అడాప్టర్ చేయించుకోవడం. అడాప్టర్ వల్ల కేసు కొంచెం పైకి లేస్తుంది, డైని ఆ మేరకు పైకి జరిపి బిగించుకోవాలి. రామ్ తలను మాత్రం మిల్లింగ్ చేయించకండి. ఆ గాడి డై రంధ్రంతో ఒకే గీతలో ఉండాలి. ఫ్యాక్టరీలో కుదిరిన ఆ వరసను బయట మిల్లింగ్ మీద మళ్లీ తేవడం కష్టం.

ప్రెస్ విలువంతా ఆ వరసలోనే ఉంది. కాల్చిన ఇత్తడి కేసు కొంచెం ఉబ్బి ఉంటుంది. రామ్ దాన్ని డైలోకి నిటారుగా నెట్టి మళ్లీ కొలతకు తెస్తుంది. చట్రం ఎంత అందంగా మెరిసినా రామ్ ఒక పక్కకు వాలితే వచ్చే కేసు వంకరే. సి ఆకారపు చట్రానికి ముందువైపు ఆధారం ఉండదు కాబట్టి భారం పడ్డప్పుడు నోరు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది, అది దాని స్వభావం. అందుకే తర్వాత ఆర్‌సీబీఎస్ రాక్ చకర్‌లాంటి, ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం ఆకారపు చట్రాలు వచ్చాయి. చిన్న కేసులకు మంచి సి చట్రం ఈ రోజుకీ చక్కగా సరిపోతుంది.

శుభ్రం చేయడానికి ముందు ఒక పని. ప్రైమర్లు మిగిలాయేమో చూడండి. ప్రైమర్ చెయ్యి (ప్రైమర్‌ను కేసులోకి ఎక్కించే మీట) కప్పులో, దాని గొట్టంలో, రామ్ గాడిలో, పాదం కింద పేరుకున్న జిడ్డులో టార్చి వేసి వెతకండి. కాల్చినదానికి నడుమ సొట్ట ఉంటుంది. సొట్ట లేకుండా నున్నగా ఉంటే అది పేలగలదు. నూనెలో నానింది కదా, చచ్చిపోయి ఉంటుందని అనుకోకండి, నూనె ప్రైమర్‌ను నమ్మకంగా చంపదు. సుత్తి, టార్చి మంట, డ్రిల్లు దరి చేర్చకుండా అక్కడి అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయండి. పెట్టెలో పాత మందు డబ్బా ఉన్నా ఇదే మాట. పుల్లటి ఆమ్లపు వాసన వచ్చినా, ఎర్రటి పొడి పేరుకున్నా ఆ మందు కుళ్లుతోందని అర్థం.

తర్వాతిది సీసం. పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, గుండ్ల అరుగులో ఉంటుంది, పాత రంగులోనూ ఉండవచ్చు. పొడిగా వైర్ బ్రష్‌తో రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీకు బ్లాస్టింగ్ వద్దనడానికి ఇది మొదటి కారణం. చేతి తొడుగులు వేసుకుని, తడి గుడ్డతో, సబ్బు నీళ్లతో కడగండి. గుడ్డలను మూటకట్టి పారేయండి. వంటగది సింకులో వద్దు. చిన్నపిల్లలున్న ఇల్లయితే బట్టలు కూడా విడిగా ఉతకండి.

కడిగి ఆరాక పగుళ్లు చూడండి. ఇది టూల్ రూంలో నేర్పిన పాత పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించినది చవకగా లేదు. చట్రం మొత్తం కిరోసిన్ పూసి అరగంట వదిలేయండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, పైన మెత్తని సుద్దపొడి పల్చగా చల్లండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నని తడి గీత గీస్తుంది. సి మెడ లోపలి వంపు, లింకుల (పిడిని రామ్‌కు కలిపే పట్టీల) పిన్నులు దూరే చెవులు, బల్లకు బిగించే పాదం, ఈ మూడు చోట్లా ఆగి చూడండి. మెడలో గీత కనిపిస్తే ఆ ప్రెస్ పనికి రాదు, అల్మారాలో పెట్టి చూసుకోవడానికే. ఇత్తడితో అతికినవి చాలా వస్తుంటాయి, చూడటానికి బాగానే ఉంటాయి, రామ్, డై ఒకే గీతలో ఉండవు.

ఇప్పుడు బిగుసుకున్న రామ్. పిడికి పైపు తొడిగి బలంగా లాగకండి. రామ్ కదలదు, పోత చెవులు విరుగుతాయి. ముందు లింకుల పిన్నులు తీసి రామ్‌ను పిడి నుంచి విడదీయండి. పిన్ను రెండు చివర్లూ కాలిపర్‌తో కొలవండి. తేడా ఉంటే అది టేపర్ పిన్ను, అడుగుకు పావు అంగుళం వాలు ఉంటుంది, సన్న చివర నుంచి కొడితేనే వస్తుంది. లావు చివర నుంచి కొట్టేకొద్దీ ఇంకా బిగుస్తుంది, చివరికి చెవి చీలుతుంది. పాత ప్రెస్‌లలో విరిగిన చెవులు చాలావరకు ఇలా విరిగినవే.

రామ్ పైనా కిందా తుప్పు సందుల్లోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున, సాయంత్రం మళ్లీ వేయండి. తుప్పు ఏళ్లు తీసుకుని పట్టింది, దానికి కొన్ని రోజులు ఇవ్వండి. వేడి కావాలంటే హెయిర్ డ్రయ్యర్ చాలు. ఆ తర్వాత నెట్టడం కంటే తిప్పడం మేలు. రామ్ తలకు తోలు ముక్క చుట్టి, చెక్క దవడలతో పట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. మొదట గరగరమంటుంది, తుప్పు రంగు నూనె అంచు వెంట ఉబుకుతుంది. అది తుడిచి కొత్త నూనె వేస్తూ పోతే ఒక దశలో చప్పుడు ఆగి మెత్తగా జారుతుంది. అప్పుడు కింది నుంచి ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా తట్టి బయటికి తీయండి.

బయటికొచ్చిన రామ్‌ను చూస్తే ఎమ్రీ పేపర్‌తో మెరిపించాలని ప్రాణం లాగుతుంది. వద్దు. చాలా పాత ప్రెస్‌లలో రామ్ నేరుగా పోత ఇనుప రంధ్రంలోనే నడుస్తుంది, మధ్యలో బుషింగ్ ఉండదు. ఇటు రామ్ మీద తీసేసిన ప్రతి పొరా అటు శాశ్వతమైన వదులు. నాలుగు సున్నాల స్టీల్ ఊలును నూనెలో ముంచి పొడవునా కాకుండా చుట్టూ రుద్దండి. ఎర్రటి తుప్పు పోతే చాలు, నల్లటి మచ్చలు మిగిలితే మిగలనివ్వండి. ఆ గుంటలు నూనెను పట్టి ఉంచుతాయి, పనికేమీ అడ్డం రావు.

చిన్న భాగాల తుప్పుకు ఇవాపో-రస్ట్‌లాంటి ద్రావణం మంచిది, లోహాన్ని తినదు. వెనిగర్ తింటుంది, రాత్రి మరిచిపోతే మరలు పలచబడతాయి. చట్రం బాగా తుప్పు పట్టి ఉంటే చాకలి సోడా నీళ్లలో ముంచి కరెంటు పారించి తుప్పు వదిలించే విద్యుత్ పద్ధతి పెట్టవచ్చు, కానీ ఆరుబయటే, ఎందుకంటే హైడ్రోజన్ వస్తుంది. కరెంటు తీగ రెండో కొసకు, అంటే చట్రానికి తగిలించనిదానికి, మామూలు ఇనుప రేకే పెట్టండి. స్టెయిన్‌లెస్ ముక్క పెడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలను అందులో అసలు వేయకండి, కరిగిపోతాయి. పాత రంగు కూడా ఈ పద్ధతిలో ఊడిపోతుందని గుర్తుంచుకోండి.

అసలు రంగు సగానికి పైగా నిలిచి ఉంటే నేను దాన్ని కదపను. కడిగి, పల్చగా మైనం రుద్ది వదిలేస్తాను. సేకరించేవాళ్లు కోరేది ఆ రంగునే, పనికి కూడా అది చాలు. మొత్తం పోయి ఉంటే మామూలు ఎనామెల్ కుంచెతో వేయండి, రామ్ రంధ్రానికీ డై మరలకూ బల్లను తాకే పాదానికీ తగలకుండా. బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ చేయించిన పసిఫిక్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఇసుక రామ్ రంధ్రపు గోడను గరుకు చేసింది, కోటింగ్ అక్షరాలను పూడ్చేసింది. దూరం నుంచి కొత్తదానిలా ఉంది, రామ్ మాత్రం పైకి వెళ్లేసరికి వేలితో కదిపితే కదిలేది.

కొంచెం కదలిక ఎప్పుడూ ఉంటుంది, దానికి భయపడకండి. కేసు డైలోకి వెళ్తూ తనను తాను సరిచేసుకుంటుంది. రామ్‌ను పూర్తిగా పైకి లేపి, డయల్ గేజ్ ఆనించి ముందుకూ వెనక్కూ, తర్వాత పక్కలకూ నెట్టి చూడండి. రెండు కొలతలూ దగ్గర దగ్గరగా ఉంటే మామూలు అరుగుదల. ముందువెనకలు బాగా ఎక్కువగా ఉంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగింది, దానికి బోరింగ్ చేసి కంచు బుషింగ్ వేయాలి, అది మంచి మెషిన్ షాపు పని. పిడి వదులైతే మాత్రం తప్పు చాలావరకు పిన్నులదే. రంధ్రాన్ని రీమర్‌తో గుండ్రంగా చేసి కొంచెం లావు డ్రిల్ రాడ్ పిన్ను వేస్తే పిడి కొత్తదానిలా పట్టు ఇస్తుంది.

ఇలాంటి పెట్టెల్లో తరచుగా పోయేది ప్రైమర్ చెయ్యి, దాని స్ప్రింగు. మీ దాంట్లో ఉందో లేదో రాయలేదు. లేకపోతే కంగారేం లేదు, ప్రైమర్లు ఎక్కించడానికి విడిగా చేతి పరికరాలు దొరుకుతాయి, నేనైతే అవే వాడతాను.

లాయరుతో మాట్లాడాక మూడు ఫొటోలు పెట్టండి: పెన్సిల్ రుద్దిన కాగితం, పక్కన స్కేలు పెట్టి రామ్ తల, సుద్ద చల్లిన మెడ లోపలి వంపు. అవి చూస్తే మోడల్ ఏదో, ఏ అడాప్టర్ సరిపోతుందో చెబుతాను.